డ్రంకెన్ డ్రైవ్: రీడింగ్, కేసు, గడియారం

క్లుప్తంగా: తాగి బండి నడపడం చలానా కట్టి వదిలించుకునే తప్పు కాదు, కోర్టుకు వెళ్లే క్రిమినల్ కేసు. చెక్‌పోస్టు దగ్గర దొరికితే ఈ కేసు నిరూపించడం చాలా తేలిక. ప్రమాదం చేశాక దొరికితే మాత్రం చాలా కష్టం. రెండింటికీ కారణం ఒకటే: ఒంట్లోని మద్యం గంట గంటకూ తగ్గిపోతుంది.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బస్సు ఎదురుగా వచ్చిన బైకును గుద్దిందని మొదట అందరూ అనుకున్నారు. దర్యాప్తులో వేరే సంగతి బయటపడింది. బైకు అంతకుముందే అదుపుతప్పి డివైడర్‌కు కొట్టుకుంది. నడిపిన యువకుడు అక్కడే చనిపోయాడు, బైకు రోడ్డు మీద పడి ఉంది. వెనక నుంచి వచ్చిన బస్సు దాని మీదకు ఎక్కి ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. ఆ యువకుడు మద్యం తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. బస్సులోని లోపాలు వేరే చర్చ. కానీ ‘తాగి నడిపితే పోయేది వాడి ప్రాణమే కదా’ అనే మాట ఎంత తప్పో ఆ రాత్రి తెలిసింది.

ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తాయి. ఎంత తాగితే దొరుకుతారు? ఫైన్ ఎంత? జైలు తప్పదా? బండి తిరిగి ఇస్తారా? వీటికి సగం జవాబు చట్టంలో ఉంటే, మిగతా సగం శరీరంలో ఉంది.

30 అంటే ఎంత?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మత్తు మందులు తీసుకుని బండిని అదుపులో పెట్టలేని స్థితిలో ఉన్నా ఇదే సెక్షన్. బైకుకైనా, లారీకైనా, స్కూలు బస్సుకైనా ఈ పరిమితి ఒకటే.

ఈ 30ని గ్లాసులోకి మార్చి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్, నైంటీలో 30 గ్రాములు, క్వార్టర్‌లో 60 గ్రాములు ఉంటాయి. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో ఒక పెగ్గు తాగితే రీడింగ్, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలోని మిల్లీగ్రాముల అంకె, 40 దాటొచ్చు. నైంటీకి 60 పైచిలుకు, క్వార్టర్‌కు 130 దాకా వెళ్లొచ్చు. తిని తాగితే కొంత తగ్గుతుంది. అదే బరువున్న ఆడవాళ్లలో ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే పెగ్గుకు ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే, మనిషిని బట్టి మారతాయి. అయినా ఒక్క పెగ్గుతోనే గీత దాటే అవకాశం ఉందన్నది ఖాయం.

బీరు విషయంలో పొరపాటు ఇంకా ఎక్కువ. ‘బీరే కదా’ అని తాగే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఆల్కహాల్ ఉంటే, అందులో 40 గ్రాములు ఉన్నట్టు. అంటే నైంటీ విస్కీ కంటే ఎక్కువ.

30 దగ్గర మనిషి తూలడు. మాట తడబడదు. నిజానికి మామూలుకన్నా హుషారుగా ఉంటాడు, చిక్కంతా అక్కడే ఉంది. మద్యం మొదట దెబ్బతీసేది కాళ్లను కాదు, అంచనాను. ఒకేసారి రెండు మూడు విషయాలు గమనించే శక్తి ముందుగా తగ్గుతుంది: అద్దంలో వెనక బండి, ఎదురుగా హెడ్‌లైట్ వెలుగు, పక్కనుంచి దూరే ఆటో. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు వేయాలన్న ఆలోచన అర సెకను ఆలస్యమైతే బండి 8 మీటర్లు అదనంగా ముందుకు వెళ్లినట్టే. ఆ 8 మీటర్లలో ఒక జీబ్రా క్రాసింగ్ మొత్తం పడుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు దాంతో సమానంగా పెరగదు. 80 దాటాక, ముఖ్యంగా 150 వైపు వెళ్లేకొద్దీ అది ఎన్నో రెట్లవుతుంది. బైకు మీద బ్యాలెన్స్ కూడా మనిషే చూసుకోవాలి కాబట్టి కారు కన్నా ముందే పట్టు తప్పుతుంది.

తెల్లారినా దిగదు

కాలేయం మద్యాన్ని తన వేగంతోనే కరిగిస్తుంది. గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున రీడింగ్ తగ్గుతుంది. కొందరికి 10, కొందరికి 20. మజ్జిగ తాగినా, నిమ్మరసం పిండుకున్నా, కాఫీ తాగినా, తల మీద చల్లనీళ్లు పోసుకున్నా ఈ వేగం మారదు. కాఫీతో నిద్రమత్తు పోవచ్చు గానీ మద్యం పోదు.

ఒక లెక్క చూద్దాం. రాత్రి 9 గంటలకు మొదలుపెట్టి 12 దాకా ఒక క్వార్టర్, దాని మీద ఒక నైంటీ తాగిన 70 కిలోల మనిషి ఒంట్లోకి చేరింది 190 రీడింగ్‌కు సరిపడా ఆల్కహాల్. ఉదయం 7 గంటలకు, పది గంటల్లో 150 తగ్గితే ఇంకా 40 మిగిలే ఉంటుంది. ఆయన ఆరు గంటలు పడుకున్నాడు, స్నానం చేశాడు, ఇడ్లీ తిన్నాడు. ఇప్పుడు బిడ్డను బండి ముందు కూర్చోబెట్టుకుని స్కూలుకు తీసుకెళ్తున్నాడు. తాను తాగి ఉన్నానని ఆయనకు తట్టనే తట్టదు. చట్టం దృష్టిలో మాత్రం ఆయన డ్రంకెన్ డ్రైవరే.

విమానం నడిపేవాళ్లకు మన దేశంలో డ్యూటీకి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదన్న నిబంధన ఉంది, పరీక్షలో సున్నా రావాలి. రోడ్డు మీద నడిపేవాళ్లకు అలాంటి గంటల లెక్క లేదు.

ఊదితే ఏం తెలుస్తుంది

రాత్రి పదిన్నరకు బారికేడ్లు, ఎర్రలైటు కర్ర ఊపుతున్న కానిస్టేబుల్, చేతిలో డబ్బా లాంటి మిషన్, దానికి కొత్తగా తొడిగిన ప్లాస్టిక్ పైపు. ‘ఊదండి, ఇంకా ఊదండి, ఆపొద్దు’ అంటూ నాలుగైదు సెకన్లు ఊదిస్తారు. అంతసేపు ఎందుకంటే మిషన్‌కు కావలసింది నోట్లో గాలి కాదు, ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే గాలి. రక్తంలోని ఆల్కహాల్ అక్కడే గాలిలోకి చేరుతుంది. ఆ గాలిలోని ఆల్కహాల్ మిషన్ లోపలి ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద రసాయన చర్య జరిపి చిన్న కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటును బట్టి రక్తంలో ఎంత ఉందో మిషన్ లెక్కకట్టి చూపిస్తుంది.

సోంపు, కిళ్లీ, మింట్ బిళ్లలు వాసనను కప్పుతాయి గానీ లోపలి గాలిని మార్చలేవు. మౌత్‌వాష్ లాంటివి అప్పుడే వాడి ఉంటే మాత్రం నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల రీడింగ్ తప్పుగా ఎక్కువ రావొచ్చు. అనుమానం ఉంటే పావుగంట ఆగి మళ్లీ ఊదించడం సరైన పద్ధతి.

‘నేను ఊదను’ అంటే తప్పించుకోవచ్చన్న ప్రచారమూ ఉంది. సెక్షన్ 203 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఊదమని అడగొచ్చు. నిరాకరించిన వ్యక్తి తాగి ఉన్నాడని అనుమానించే కారణం ఉంటే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. కారణం లేకుండా నిరాకరించడాన్ని కోర్టు అతనికి వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకునే వీలు సెక్షన్ 205 కల్పిస్తోంది. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి. పోలీసులకూ గడియారం ఉంది.

చలానా కాదు, కేసు

హెల్మెట్ లేకపోయినా, సిగ్నల్ జంప్ చేసినా ఫోనుకు చలానా వస్తుంది, కట్టేస్తే అయిపోతుంది. దీన్నే చట్టం భాషలో కాంపౌండింగ్ అంటారు. ఏ తప్పులకు ఇలా రాజీ కుదురుతుందో చెప్పే సెక్షన్ 200 జాబితాలో 185 లేదు. అందుకే డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికిన మనిషి మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సిందే.

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15 వేలు, లేదా రెండూ. అంతకుముందు మొదటిసారి జరిమానా 2 వేలకు మించేది కాదు. ‘తెలంగాణలో కొత్త ఫైన్లు అమలు కాలేదు కదా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అది చలానాతో తేలే తప్పుల సంగతి. వాటి మొత్తాన్ని నిర్ణయించే అధికారం రాష్ట్రానిది. 185కి శిక్ష వేసేది కోర్టు కాబట్టి రాష్ట్రం నోటిఫికేషన్‌తో దానికి పని లేదు.

హైదరాబాద్‌లో 2011 చివరి నుంచి ట్రాఫిక్ పోలీసులు ప్రత్యేక డ్రైవ్‌లు చేస్తున్నారు. పట్టుబడినవాళ్లు గోషామహల్ లేదా బేగంపేటలోని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కు హాజరు కావాలి, అదీ ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని. తర్వాత కోర్టు. జరిమానా కంటే భార్య పక్కన కూర్చుని ఆ క్లాసు వినడమే పెద్ద శిక్ష అనుకునేవాళ్లు తక్కువేమీ కాదు. రీడింగ్ బాగా ఎక్కువైనా, మళ్లీ మళ్లీ దొరికినా ఒకట్రెండు రోజుల నుంచి కొన్ని రోజుల దాకా జైలు శిక్షలు పడటం నగరంలో మామూలైపోయింది. లైసెన్సు సంగతి వేరుగా నడుస్తుంది. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం డ్రంకెన్ డ్రైవ్‌కు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలి. 

బండి విషయంలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టత ఇచ్చింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని పోలీసులు జప్తు చేసి ఉంచుకోకూడదు. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే అతనికి అప్పగించాలి. లేకపోతే బంధువులనో స్నేహితులనో పిలిపించాలి. ఎవరూ రాకపోతే భద్రంగా స్టేషన్‌లో ఉంచి, తర్వాత యజమానికి ఇచ్చేయాలి. తాగినవాడి చేతికి మాత్రం ఆ రాత్రి తాళం ఇవ్వరు.

పక్కన కూర్చున్నవాళ్లు గుర్తుపెట్టుకోని సెక్షన్ ఒకటుంది, 188. ఈ నేరానికి ప్రేరేపించినవాళ్లకూ, సహకరించినవాళ్లకూ అదే శిక్ష. తాగాడని తెలిసీ ‘ఏం కాదులే, నువ్వే తియ్’ అని తాళం చేతిలో పెట్టినవాళ్లు దీని కిందికి రావొచ్చు.

ప్రమాదం జరిగాక మారే లెక్క

మనిషి చనిపోతే సెక్షన్ 185 చిన్నదైపోతుంది, భారతీయ న్యాయ సంహిత ముందుకొస్తుంది. నిర్లక్ష్యం వల్ల మరణం అయితే సెక్షన్ 106(1), ఐదేళ్ల దాకా జైలు, బెయిల్ దొరుకుతుంది. 2024 జులై 1కి ముందు, పాత శిక్షాస్మృతి ఐపీసీ 304ఏ కింద ఇది రెండేళ్లే. ప్రాణాలు పోవచ్చని తెలిసీ చేశాడని పోలీసులు భావిస్తే సెక్షన్ 105, అంటే హత్య కిందికి రాని నరహత్య. ఇందులో శిక్ష పదేళ్ల దాకా ఉండొచ్చు, ఉద్దేశం కూడా రుజువైతే యావజ్జీవం దాకా. బెయిల్ అంత తేలిక కాదు.

ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడన్నది సుప్రీంకోర్టు 2012లో ఒక ముంబై కేసులో చర్చించింది. 2006 నవంబరు 12 తెల్లవారుజామున బాంద్రా కార్టర్ రోడ్డులో ఒక కారు ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలీల మీదకు ఎక్కింది. ఏడుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. డ్రైవరు రక్తంలో ఆల్కహాల్ 0.112 శాతం, అంటే మన లెక్కలో 112. కింది కోర్టు వేసింది ఆరు నెలలు, హైకోర్టు దాన్ని మూడేళ్లు చేసింది, సుప్రీంకోర్టు సమర్థించింది. తాగి విపరీతమైన వేగంతో నడిపేవాడికి ఫలితం ఏమవుతుందో తెలుసని భావించవచ్చన్నది ఆ తీర్పు సారం. తాగి ప్రాణాలు తీసిన కేసుల్లో తీవ్రమైన సెక్షన్ పెట్టేటప్పుడు ఈ తీర్పునే తరచూ చూపిస్తుంటారు.

ఆ కేసు నిలబడటంలో 112 అనే అంకెకు పెద్ద పాత్ర ఉంది. అది చేతికి రావాలంటే డ్రైవరు దొరకాలి, రక్తం వెంటనే తీయాలి, ఆ సీసా మారకుండా ల్యాబుకు చేరాలి. 2024 మేలో పుణె కల్యాణీనగర్‌లో పోర్షే కారు గుద్ది ఇద్దరు చనిపోయిన కేసులో, ఆ మైనర్ డ్రైవరు రక్త నమూనాను ఆసుపత్రిలోనే మార్చేశారన్న ఆరోపణ మీద డాక్టర్లు అరెస్టయ్యారు. మొత్తం కేసు ఆ ఒక్క సీసా మీద ఎంతగా ఆధారపడుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

సీసా మార్చేంత పలుకుబడి లేనివాళ్లకు ఇంకా తేలికైన దారి ఉంది, పారిపోవడం. 130 రీడింగ్ ఉన్నవాడు ఏడు గంటలు ఎక్కడో గడిపి వస్తే 30 కిందికి దిగిపోతాడు. మర్నాడు లాయర్‌తో వచ్చి లొంగిపోతే తాగి ఉన్నాడని నిరూపించే రక్తమే ఉండదు. బార్ బిల్లు, సీసీ కెమెరా, సాక్షుల మాటలతో కేసు కట్టుకోవాలి. ఇక పారిపోయినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 187 కింద పడే శిక్ష మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 5 వేల జరిమానా. పదేళ్ల కేసు ఒకవైపు, ఆరు నెలల కేసు ఇంకోవైపు. తాగినవాడికి చట్టమే పారిపొమ్మని చెప్తున్నట్టుంది.

ఈ లొసుగు పూడ్చడానికే న్యాయ సంహితలో సెక్షన్ 106(2) రాశారు. గుద్ది, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. దాని మీద 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు నిలిచింది ఆ రోజుల్లోనే. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది డ్రైవర్ల వాదన, అది కొట్టిపారేసే మాట కాదు. చివరికి మిగతా చట్టమంతా అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు.

లెక్కల్లో రెండున్నర శాతమే ఎందుకు?

కేంద్ర రవాణా శాఖ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో మద్యం, మత్తు పదార్థాల ఖాతాలో పడినవి రెండున్నర శాతం మాత్రమే. అతివేగం ఖాతాలో 70 శాతానికి పైగా. ఇది చూసి మద్యం పెద్ద సమస్య కాదనుకుంటే పొరపాటే. తాగినవాడు వేగంగానే పోతాడు, కానీ కారణం రాసే చోట ఒకటే పడుతుంది. వేగం అని రాయడానికి నుజ్జైన బండి చాలు, మద్యం అని రాయడానికి పరీక్ష కావాలి. గాయపడినవాణ్ని ముందు బతికించాలన్న తొందరలో పరీక్ష జరగదు. చనిపోయినవాడైతే, పరిహారం పోతుందేమోనన్న భయంతో ఇంట్లోవాళ్లూ ఆ మాట ఎత్తరు. 

డబ్బు లెక్క

పరిహారం విషయంలో ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. తాగి నడిపినప్పుడు సొంత బండికి జరిగిన నష్టాన్ని మోటారు పాలసీలు కవర్ చేయవు. పరీక్ష జరగలేదు కదా అని వాదించినా లాభం ఉండకపోవచ్చు. ఢిల్లీలో కాలిపోయిన ఒక ఖరీదైన కారు కేసులో, బ్రీత్ టెస్టు, బ్లడ్ టెస్టు లేకపోయినా ఇతర ఆధారాలతో బీమా సంస్థ తన వాదన నిరూపించుకోవచ్చని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. దెబ్బతిన్న అవతలివాళ్లకు థర్డ్ పార్టీ పరిహారం ముందు బీమా సంస్థే చెల్లించి, తర్వాత బండి యజమాని నుంచి రాబట్టుకోమని ట్రిబ్యునళ్లు చెప్తుంటాయి. ఆ మొత్తం లక్షల్లో, ఒక్కోసారి కోట్లలో ఉంటుంది. 10 వేల జరిమానా గురించి టెన్షన్ పడేవాళ్లకు ఈ సంగతి చాలావరకు తెలియదు.

తెలుగు ఇళ్లలో ఇంకో ఖర్చు వీసా. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. ఇక్కడి కోర్టులో తేలిన డ్రంకెన్ డ్రైవ్ కేసు కూడా ఆ ప్రశ్న కిందికే వస్తుంది. అక్కడికి వెళ్లాక డీయూఐలో, అంటే తాగి నడిపిన కేసులో అరెస్టయితే, కేసు తేలకముందే వీసాను రద్దు చేసే అధికారం కాన్సులేట్లకు ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పరిమితి 80. ఇక్కడి 30తో పోలిస్తే అది సడలింపులా కనిపిస్తుంది, పట్టుబడ్డాక మాత్రం అక్కడ సడలింపు ఉండదు.

అంకె కాదు, దొరుకుతామన్న భయం

స్వీడన్‌లో పరిమితి 20, జర్మనీలో 50, ఇంగ్లండ్‌లో 80. అంకె చూస్తే ఇంగ్లండ్ కన్నా మన చట్టమే కఠినం. రోడ్ల మీద భద్రత మాత్రం ఆ వరుసలో లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబరులో ఎవరినైనా, ఎక్కడైనా, ఏ వేళలోనైనా ఆపి ఊదించే పద్ధతి మొదలుపెట్టింది. పరిమితి అంతకుముందున్న 50యే. దొరుకుతామన్న నమ్మకం జనంలో పెరగడంతో మద్యం వల్ల జరిగే మరణాలు బాగా తగ్గాయి. మన నగరాల్లో తనిఖీలు ఎక్కువగా వారాంతం రాత్రుళ్లు, తెలిసిన కూడళ్లలో జరుగుతాయి. ఎక్కడ ఉన్నారో వాట్సాప్ గ్రూపుల్లో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఉదయం 7 గంటలకు ఊదమనేవాళ్లు అరుదు, మండల కేంద్రాల్లో అయితే రాత్రీ అరుదే.

ఈ విషయంలో ఆర్టీసీ ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. డిపోలో డ్యూటీ ఎక్కేముందు డ్రైవరు మిషన్‌లో ఊదాలి. శిక్ష ఎంత అన్న ఆలోచన అక్కడ అవసరమే రాదు, పరీక్ష తప్పదని ఇంటి దగ్గర బయల్దేరినప్పుడే తెలుసు.

సరఫరా వైపు ఒకసారి ప్రయత్నం జరిగింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు ఇచ్చింది. 2017లో చిన్న ఊళ్లకు దూరాన్ని 220 మీటర్లకు తగ్గించి, తర్వాత పట్టణ పరిధులకు వర్తించదని స్పష్టం చేసింది. మద్యం మీద వచ్చే ఆదాయం రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాకూ ముఖ్యమే కాబట్టి ఇంతకు మించి కదలిక కష్టం. వైన్స్ పక్కనే పర్మిట్ రూమ్ ఉంటుంది. కూర్చుని తాగడానికి ప్రభుత్వమే అనుమతి ఇచ్చిన గది అది. ఊరి చివర రోడ్డు పక్కన ఉండే అలాంటి గది ముందు రాత్రి 9 గంటలకు నిలబడి చూస్తే ముప్పై నలభై బైకులు వరుసగా కనిపిస్తాయి. ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది, ఆటోలు ఉండవు. లోపల ఉన్నవాళ్లందరూ ఇంటికి చేరాల్సింది ఆ బైకుల మీదే.